పాత కామిక్స్ సంపాదకుల జవాబు ఉత్తరాలు: అమ్మవచ్చా, అచ్చు వేయవచ్చా?

సందేహం: మేము న్యూజెర్సీలో ఉంటున్నాం. మా వీధిలో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టిన గరాజ్ సేల్‌లో పెట్టెడు పాత మార్వెల్ కామిక్స్ కొన్నాను. పెట్టె అడుగున, ఆయన చిన్నతనంలో రాసిన ఉత్తరానికి 1967 మార్చిలో వచ్చిన టైపు జవాబు, అభిమానులందరికీ పంపే ఒక అచ్చు కార్డు, ‘నో-ప్రైజ్’ (ఉత్తుత్తి బహుమతి) ఖాళీ కవరు కనిపించాయి. జవాబు కింద ఉన్న సంతకం మార్వెల్ సంపాదకుడు స్టాన్ లీదని ఆయన అన్నారు. వీటిని అమ్ముకోవచ్చా? కామిక్స్ చరిత్ర మీద రాస్తున్న నా తెలుగు పుస్తకంలో వీటి ఫొటోలు వేయవచ్చా?

జవాబు: మీరు పంపిన ఫొటోలు శ్రద్ధగా చూశాను. నాలుగు మడతల పలుచటి కాగితం, సిరా నిండి పూడుకుపోయిన టైపు అక్షరాలు, కవరు మీద అయిదు సెంట్ల స్టాంపు ఆ కాలానికి సరిపోతున్నాయి. మొదట తేల్చుకోవలసింది ఒకటే. కాగితం మీద హక్కు వేరు, దాని మీద రాసిన మాటల హక్కు వేరు. ఉత్తరం అందుకున్నవాడికి కాగితం మాత్రమే దక్కుతుందని, అచ్చు వేసే హక్కు రాసినవారి దగ్గరే ఉంటుందని ఇంగ్లండులో 1741లోనే కవి పోప్‌కు, ప్రచురణకర్త కర్ల్‌కు మధ్య వ్యాజ్యంలో తీర్పు వచ్చింది. అమెరికా కాపీరైట్ చట్టంలోని 202వ సెక్షన్ చెప్పేదీ అదే.

అమ్మకానికి అడ్డేమీ లేదు. ఆ పెద్దాయన తనకు వచ్చిన ఉత్తరాన్ని మీకు అమ్మారు కనుక కాగితానికి యజమాని మీరే. అదే చట్టంలోని 109వ సెక్షన్ ప్రకారం దాన్ని మీరు ఎవరికైనా అమ్మవచ్చు. లైబ్రరీలోనో సభలోనో అద్దాల పెట్టెలో పెట్టి, అక్కడికి వచ్చినవారికి చూపించవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఆ రోజుల్లో మార్వెల్ ఆఫీసుకు వచ్చే అభిమానుల ఉత్తరాల పని చూసినవారు ఫ్లో స్టైన్‌బర్గ్. కాబట్టి సంపాదకుడి పేరు ఉన్నంత మాత్రాన సంతకం ఆయనే చేశారని అనుకోవడానికి వీల్లేదు. “స్టాన్ లీ స్వహస్తాలతో చేసిన సంతకం” అని ప్రకటనలో రాస్తే, చట్టం దృష్టిలో అది మీ దగ్గర కొన్నవారికి మీరు ఇచ్చిన హామీ అవుతుంది. తరువాత కాదని తేలితే డబ్బు వెనక్కి ఇవ్వడంతో పాటు నష్టపరిహారం కూడా కట్టవలసి రావచ్చు. నిపుణులు పరిశీలించి ధ్రువీకరించేదాకా “స్టాన్ లీ పేరుతో సంతకం ఉన్న ఉత్తరం” అని రాయండి, అంతకు మించి రాయకండి.

పుస్తకంలో అచ్చు వేయడం దగ్గర మీ మూడు కాగితాల దారి మూడు రకాలు.

అచ్చు కార్డు విషయంలో చిక్కు తక్కువ. అది ఆ పెద్దాయన ఒక్కరి కోసం రాసింది కాదు, అడిగినవారందరికీ పంపినది, అంటే ప్రచురణ అయినట్టే. 1978కి ముందు అమెరికాలో కాపీరైట్ గుర్తుగాని, ఆ మాటగాని లేకుండా ప్రచురితమైన రచన సాధారణంగా ప్రజల సొత్తు అయిపోయింది. మీ కార్డు ముందు వెనుకల ఆ గుర్తు ఎక్కడా లేదని మరోసారి సరిచూసుకుని, లేకపోతే నిరభ్యంతరంగా అచ్చు వేసుకోండి. ఇక ‘నో-ప్రైజ్’ కవరు సంగతి. కథలో తప్పు పట్టుకున్న పాఠకుడికి, లోపల ఏమీ లేకుండా, బహుమతి లోపలే ఉందని పైన ముద్రించి పంపిన ఖాళీ కవరును ఎంతోమంది పిల్లలు ఏళ్ల తరబడి దాచుకున్నారంటే అందులో ఉన్న ఆప్యాయతే కారణం. దాని మీద ఉన్నవి రెండు మూడు ముక్కలే. అంత చిన్న మాటలకు కాపీరైట్ రక్షణ దాదాపు ఉండదు.

అసలు చిక్కు టైపు ఉత్తరంతోనే. ఒక్కరికి రాసి పంపినంత మాత్రాన ప్రచురణ అయినట్టు కాదు. రాసింది స్టాన్ లీ అయినా, ఫ్లో స్టైన్‌బర్గ్ అయినా, ఉద్యోగంలో భాగంగా సంస్థ ఖర్చుతో రాసినదైతే హక్కు సంస్థదే అవుతుంది. మార్వెల్‌కు బొమ్మలు గీసిన జాక్ కిర్బీ వారసుల కేసులో రెండవ సర్క్యూట్ అప్పీలు కోర్టు 2013లో ఆ కాలపు బొమ్మల విషయంలో అనుసరించినది కూడా ఈ సూత్రాన్నే. అలా చూస్తే ఇప్పటిదాకా ప్రచురితం కాని మీ ఉత్తరానికి, రాసిన ఏడాది నుంచి 120 ఏళ్లు, అంటే 2087 చివరి దాకా కాపీరైట్ ఉంటుంది. మార్వెల్ 2009లో డిస్నీ చేతికి వెళ్లింది కనుక ఇప్పుడు మీరు అనుమతి అడగవలసింది ఆ గొడుగు కిందే.

అనుమతి లేకుండా మొత్తం ఉత్తరాన్ని ఫొటోగా వేయవద్దు. అమెరికా చట్టం 107వ సెక్షన్‌లోని ‘ఫెయిర్ యూజ్’ (అనుమతి లేకుండా న్యాయమైన మేరకు వాడుకోవడం) ఆసరాతో రెండు మూడు వాక్యాలు ఉదహరించి, వాటిని మీ మాటల్లో విశ్లేషించండి. ప్రచురితం కాని ఉత్తరాల నుంచి ఉదహరించడాన్ని 1987లో నవలా రచయిత శాలింజర్ కేసులో కోర్టు గట్టిగా అడ్డుకుంది. ఆ తరువాత 1992లో చట్టాన్ని సవరించి, ప్రచురితం కాలేదన్న ఒక్క కారణం చాలదని చేర్చారు. అయినా కోర్టులు అప్రచురిత రచనల విషయంలో ఇప్పటికీ కొంచెం బిగువుగానే ఉంటాయి. పుస్తకం హైదరాబాదులో అచ్చు వేయిస్తే భారత కాపీరైట్ చట్టం, 1957 కూడా వర్తిస్తుంది. అందులోని 52వ సెక్షన్ విమర్శ, సమీక్ష వంటి కొన్ని ప్రయోజనాలకే మినహాయింపు ఇస్తుంది. అందువల్ల ఉదహరించిన ప్రతి వాక్యం పక్కన మీ విమర్శ ఉండాలి, ఎవరు రాశారో చెప్పాలి.

చివరగా ఇంకొక మాట. ఆ ఉత్తరం మీద ఒక పిల్లవాడి పేరు, ఇంటి చిరునామా ఉన్నాయి. అవి ఎవరికీ కనిపించకుండా కప్పి ఫొటో తీయండి. పెద్దాయన మీ వీధివారే కదా, అమ్మే ముందు వెళ్లి ఒకసారి చెప్పండి. ఆ సంపాదకుడికి ఆయన అప్పట్లో రాసిన ఉత్తరం నకలు దాచుకుని ఉంటే, ఆ మాటల హక్కు నేటికీ ఆయనదే. దాన్ని పుస్తకంలో వేయడానికి ఆయన సంతకంతో ఒక చిన్న కాగితం తెచ్చుకోండి.