మావయ్యగారు ఏ గదిలో ఉన్నారో సెన్సర్ చెప్తుందా?

ప్రశ్న: మా మావయ్యగారికి మతిమరుపు బాగా పెరిగిందండీ. గాజువాకలో మూడంతస్తుల ఇల్లు మాది, ఆయన ఎప్పుడు మేడెక్కుతారో, ఎప్పుడు గేటు తీసుకుని పోతారో తెలీట్లేదు. ఇంటినిండా వైర్‌లెస్ సెన్సర్లు పెట్టి ఆయన మెడలో బ్లూటూత్ ట్యాగ్ వేస్తే, అడుగు తేడా లేకుండా ఫోన్లో చూపిస్తుందని ఒకాయన కొటేషన్ ఇచ్చాడు. నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: సగం నమ్మండమ్మా. ఆ ట్యాగ్ దూరాన్ని దేన్నిబట్టి లెక్కేస్తుందో ముందు ఆ కొటేషన్ ఇచ్చినాయన్ని అడగండి. మామూలు బ్లూటూత్ ట్యాగుల్లో సిగ్నల్ ఎంత గట్టిగా అందుతోందో చూసి దూరం అంచనా వేస్తారు, గోడలకు పెట్టిన మూడు నాలుగు నోడ్లు, అంటే సిగ్నల్ అందుకునే ఆ సెన్సర్ డబ్బాలు, తలా ఒక దూరం చెప్తే అవి కలిసే చోట మనిషి ఉన్నట్టు లెక్క. కాయితం మీద బాగానే ఉంటుంది. కానీ వీటి 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని మనిషి ఒంట్లో ఉన్న నీరే చాలావరకు పీల్చేస్తుంది, అంటే ఆయన కుర్చీలోనే ఉండి కాస్త అటు తిరిగినా ఎక్కడో దూరంగా ఉన్నట్టు చూపించొచ్చు, దానికితోడు ఇనప బీరువాలు, శ్లాబులు, పక్కింటి వైఫై. రెండు మూడు మీటర్ల తేడా మామూలే. అడుగు లోపు కావాలంటే అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే వేరే రకం రేడియో ఉండాలి, అది సిగ్నల్ ప్రయాణానికి పట్టిన టైమ్‌ని కొలుస్తుంది, నానోసెకనుకు (సెకనులో వందకోట్లో వంతుకు) 30 సెంటీమీటర్ల లెక్కన. ఖర్చు మాత్రం బాగా ఎక్కువ.

అసలు మీకు అడుగుల లెక్క ఎందుకమ్మా? ఏ అంతస్తులో ఉన్నారు, గేటు దాటారా, ఈ రెండూ తెలిస్తే చాలదా? గదికో నోడ్ పెట్టి ఎక్కడ సిగ్నల్ ఎక్కువుంటే అక్కడున్నారనుకోవడమే, దూరం లెక్కని చెడగొట్టే ఆ శ్లాబే ఇక్కడ మీకు కలిసొస్తుంది, పై అంతస్తు సిగ్నల్ కిందికి బాగా తగ్గిపోతుంది కాబట్టి. గేటుకి మాత్రం తలుపు తెరిస్తే మోగే అయస్కాంతం సెన్సర్ విడిగా పెట్టించండి, ట్యాగ్ తీసి దిండు కింద పెట్టేసి వెళ్లినా అది మోగుతుంది. ట్యాగే అక్కర్లేకుండా, మనిషి ఒళ్లు సిగ్నల్‌కి అడ్డొచ్చిన చోటునిబట్టి కనిపెట్టే పద్ధతి మీద అమెరికాలోని యూటా యూనివర్సిటీ వాళ్లు 2010 నాటికే పేపర్లు రాశారు గానీ, నలుగురు తిరిగే ఇంట్లో ఎవరు మావయ్యగారో దానికి తెలియడం కష్టం.

గేటు దాటాక ఈ నెట్‌వర్క్ దేనికీ పనికిరాదు. ఆయన బస్సెక్కి కూర్మన్నపాలెం పోయారనుకోండి, అప్పుడు కావాల్సింది సిమ్ ఉన్న జీపీఎస్ వాచీ. యాపిల్ వాళ్ల ఎయిర్‌ట్యాగ్ కొందామంటారేమో, దాని జాడ తెలియాలంటే దగ్గర్లో ఎవరి ఐఫోనో ఉండాలి, జంక్షన్‌లో పర్లేదు, ఖాళీ సందుల్లో కష్టం. వాచీకి రోజూ ఛార్జింగ్ పెట్టే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి. చొక్కా జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కార్డు కూడా ఉంచండి, దానికి బ్యాటరీ అక్కర్లేదు.