బూట్లు కొనే ముందు

చిన్నా,

క్యాన్సర్‌తో పోయిన మీ అమ్మ జ్ఞాపకంగా ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్, అంటే మొత్తం 42 కిలోమీటర్లూ పరుగెత్తుతానని, ఆ పేరు మీద క్యాన్సర్ పేషెంట్లకి ఐదు లక్షలు పోగుచేస్తానని నువ్వు ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే అందరూ దండాల బొమ్మలు, గుండె బొమ్మలు గుప్పించేశారు. నేనొక్కదాన్నే ఏమీ పెట్టలేదని మీ నాన్న ఫోన్ చేసి మరీ అడిగాడు. కోపమేం లేదురా. గ్రూపులో రాసే సంగతులు కావని ఇలా ఉత్తరం రాస్తున్నాను. మీ మామయ్య పోయాకే నేనూ పరుగు మొదలుపెట్టాను. ఈ ఊళ్లో ఏ పరుగు జరిగినా వెళ్తూనే ఉన్నాను. ఆ చనువుతో నాలుగు మాటలు చెబుతాను, విను.

నీ మెసేజ్‌లో ఒక్క మాట నాకు మింగుడుపడలేదు. "అమ్మ అన్ని నెలలు బాధపడింది, నేను ఐదారు గంటలు పడలేనా" అన్నావు. ఈ లెక్క మానెయ్. వదిన కీమో చేయించుకుంది బతుకుదామని, బాధపడదామని కాదు. నీ మోకాళ్లు అరగదీసుకున్నంత మాత్రాన ఆమె పడ్డదాంట్లో రవ్వంత కూడా తగ్గదు. పైగా ఆ లెక్కతో దిగినవాడు నొప్పి వచ్చినా ఆగడు. ఆగితే అమ్మకి ద్రోహం చేసినట్టు బాధపడతాడు. కొత్తగా పరుగు మొదలెట్టి, మొండికేసి, కాలి ఎముకలో సన్న పగులు తెచ్చుకుని నెలల తరబడి కుంటినవాళ్లని నేను చూశాను. వాళ్లలో సగం మంది ఎవరో ఒకరి జ్ఞాపకంగా పరుగెత్తినవాళ్లే.

టెర్రీ ఫాక్స్ పేరు వినే ఉంటావు. కెనడా కుర్రాడు. ఎముక క్యాన్సర్ వచ్చి 1977లో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. క్యాన్సర్ పరిశోధనకి డబ్బు కావాలని 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో దేశం ఈ చివర నుంచి ఆ చివరకి పరుగు మొదలుపెట్టాడు. దేశంలో మనిషికో డాలర్ ఇవ్వండి చాలన్నాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వెళ్లాక జబ్బు ఊపిరితిత్తులకి పాకిందని తెలిసి సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర ఆపేశాడు. మరుసటి ఏడాది జూన్‌లో పోయాడు, ఇరవై రెండేళ్లకే. చాలామంది ఇది చెప్పి "చూడు, ఎంత పట్టుదలో" అంటారు. నాకు తోచేది వేరు. అతను దారి పూర్తి చెయ్యలేదు, అయినా 1981 ఫిబ్రవరి కల్లా రెండు కోట్ల నలభై లక్షల డాలర్లు దాటాయి. అప్పటి కెనడా జనాభా కూడా దాదాపు అంతే. డబ్బు ఇచ్చినవాళ్లెవరూ గీత దాటావా లేదా అని అడగలేదు.

కాబట్టి మొదటి మాట. కిలోమీటరుకి ఇంత అని చందాలు అడగకు. నువ్వు పద్నాలుగో కిలోమీటరులో కాలు పట్టేసి కూర్చుంటే పేషెంటుకి అందేది తగ్గకూడదు. పరుగుకి ముందే డబ్బు చేరవలసిన చోటికి చేరిపోవాలి. అప్పుడు ఆ రోజు నీ నెత్తిన ఏ బరువూ ఉండదు.

రెండోది, ఈ ఏడాది ఫుల్ వద్దు. కంపెనీ క్యాబ్ ఇంటి ముందుకే వస్తుంది కాబట్టి నువ్వు దాని కోసం కూడా ఎప్పుడూ పరుగెత్తినట్టు లేవు. 42.195 కిలోమీటర్లంటే ఆషామాషీ కాదు, అందులోనూ మన ఊరి దారి. నెక్లెస్ రోడ్డు దగ్గర హాయిగా చదునుగా మొదలవుతుంది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మీదుగా గచ్చిబౌలి స్టేడియం చేరేలోపు ఎన్ని ఎక్కుళ్లో, ఎన్ని ఫ్లైఓవర్లో. ఆగస్టు కాబట్టి మబ్బు పట్టి చల్లగా ఉందనిపిస్తుంది, కానీ గాలిలో తేమకి చెమట ఆరదు, ఒళ్లు లోపల్లోపల ఉడుకుతుంది. ఆరు నెలల్లో హాఫ్‌కి చక్కగా తయారవ్వచ్చు. 21 కిలోమీటర్లు తక్కువేం కాదు. సంవత్సరీకం లోపే ఫుల్ అయిపోవాలని నీ పట్టు, తెలుసు. బసవతారకం గారి పేరు మీద ఎన్టీఆర్ తలపెట్టిన క్యాన్సర్ ఆసుపత్రి తలుపులు తెరిచింది 2000లో. ఆయన 1996లోనే వెళ్లిపోయారు. తలపెట్టినాయన చూడకపోయినా అది ఈ రోజుకీ నడుస్తోంది. నీ ఫుల్ మారథాన్ వచ్చే ఏడాదికి జరిగితే వదినేమీ అనుకోదు.

ముందు డాక్టరు. మీ తాతకి యాభై దాటకుండానే గుండెపోటు వచ్చింది, గుర్తుందిగా. ఈసీజీ తీయించుకో, డాక్టరు ట్రెడ్‌మిల్ టెస్టు కూడా చేయించుకోమంటే చేయించుకో. బీపీ, షుగర్ చూపించు. ఆ తర్వాతే బూట్లు. అవి సాయంత్రం పూట కొనాలి, పొద్దంతా నడిచాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కాలివేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, లేకపోతే దిగుళ్లలో గోళ్లు నల్లబడి ఊడతాయి. రంగు చూసి కొనకు. ఇది నీకు చెప్పక తప్పదు.

వారానికి నాలుగు రోజులు చాలు. మూడు రోజులు చిన్నవి, ఆదివారం ఒకటి పొడుగుది. మొదట్లో నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. నడవడం నామోషీ కాదు, నేను రేసులో కూడా అలాగే చేస్తాను, నన్ను దాటిపోయిన కుర్రాళ్లు ఆఖర్లో చాలామంది నాకు దొరుకుతారు. పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత వేగమే నీ వేగం. మాట తెగుతోందంటే తగ్గించు. ఈ వారం ఎంత దూరం చేశావో పై వారం దానికి పదో వంతుకి మించి పెంచకు. నెలకో వారం తగ్గించు. మిగతా రోజుల్లో గుంజీలు, మెట్లు ఎక్కడం, పిక్కలకి పని. మోకాళ్లని కాపాడేవి తొడ కండలే. ఏప్రిల్, మేల్లో ఏడు కొట్టేసరికి ఇంట్లో ఉండాలి. తెల్లారుజామున మీ కాలనీ కుక్కలు వెంటపడితే పరుగు ఆపి మామూలుగా నడువు, అవి తరిమేది పరుగెత్తేవాణ్ణే. ఖర్మకాలి కరిస్తే సబ్బునీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు ఇంజెక్షన్ వేయించుకోవాలి, రేపు చూద్దాంలే అనకూడదు.

నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం మాత్రం ఒప్పుకోను. చెమట పోయి ఒంట్లో నీళ్లు తగ్గిన వేళ ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీల మీద పడతాయి. ఉత్త నీళ్లు కడుపు నిండా పట్టించడమూ ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి, దాహమైనప్పుడల్లా గుక్కెడు తాగు. తిండికి మన రాగి జావ, అరటిపండు, ఖర్జూరాలు ఉన్నాయి. రేసు ముందు రోజు బిర్యానీ జోలికి పోకు.

ఇక డబ్బు సంగతి. నీ ఫోన్‌పేకి వేయించుకోవద్దు. ఎంత నిజాయితీపరుడివైనా రేపు ఏ బాబాయో "లెక్క ఏదిరా" అంటే నీ మనసు విరుగుతుంది. ఇచ్చేవాళ్లు నేరుగా సంస్థ ఖాతాకే వెయ్యాలి, రసీదు వాళ్ల పేరు మీదే రావాలి. విరాళానికి వచ్చే ఆదాయపు పన్ను రాయితీ (80జి అంటుంటారు) పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, రెండు వేలు దాటి నగదుగా ఇస్తే అది కూడా రాదు. అమెరికాలో ఉన్న మనవాళ్లని అడుగుతావు కదా, అక్కడ చూసుకోవాలి. ఇండియా పాస్‌పోర్టు ఉన్నంత కాలం గ్రీన్ కార్డు ఉన్నా ఫరవాలేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే అది విదేశీ విరాళం కింద లెక్క, ఆ సంస్థకి ఎఫ్‌సీఆర్ఏ అనుమతి, అంటే విదేశీ విరాళాలు తీసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి ఉంటేనే తీసుకోవాలి. పెద్దనాన్న కొడుకు పౌరసత్వం తీసేసుకున్నాడు, వాణ్ణి అడిగే ముందు సంస్థని అడుగు. మారథాన్‌కి కట్టే ఎంట్రీ ఫీజు వేరు, విరాళం వేరు. ఫీజు కట్టేసి దానం చేశాననుకునేవాళ్లు బోలెడుమంది.

ఎవరికి ఇవ్వాలన్నది గూగుల్‌లో తేల్చకు. ఒక పొద్దున రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర కాసేపు నిలబడు. ఆ మధ్య నేను వెళ్లినప్పుడు గోడ పక్కన ఒకాయన కూర్చుని ఉన్నాడు, నోటి ఆపరేషన్ అయింది, ముక్కులోంచి ట్యూబ్. భార్య స్టీలు గిన్నెలో రాగి జావ కలిపి, ట్యూబ్‌లో ఉండ అడ్డం పడకుండా తెల్లగుడ్డలో వడకట్టి, లావుపాటి సిరంజితో కొంచెం కొంచెంగా పోస్తోంది. అయ్యాక మంచినీళ్లు పోసి ట్యూబ్ కడిగింది. నర్సు కూడా అంత ఓపిగ్గా చేస్తుందో లేదో. స్కాన్ ఫిల్ముల కవరు ఎండ తగలకుండా చున్నీ కింద దాచుకుంది. నన్ను అడిగింది ఒక్కటే, రేడియేషన్ అయ్యేదాకా ఉండటానికి చౌకలో గది ఎక్కడైనా దొరుకుతుందా అని.

వైద్యానికి ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరులో తెలంగాణలో పది లక్షల దాకా పెంచారు. కానీ రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు పట్టచ్చు. జిల్లా నుంచి వచ్చినవాళ్లు అన్నాళ్లు ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి, కూలి పోగొట్టుకున్న మనిషి బస్సు చార్జీలకి ఏం చెయ్యాలి? మధ్యలో మానేసి వెళ్లిపోయేది ఇక్కడే. నన్నడిగితే ఆ ఐదు లక్షలు తిండికి, బసకి, దారి ఖర్చులకి పోవాలంటాను. లేదా ఇక వైద్యం లేదన్నాక నొప్పి తగ్గించి చూసుకునే చోటికి. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉంది, ఉచితంగానే చూస్తారు. మీ మామయ్య చివరి వారాల్లో మాకు దక్కింది అలాంటి సేవే. మెషీన్ కొనిచ్చి పలక మీద పేరు వేయించుకోవడం గొప్పగా కనబడుతుంది, నిజమే. ఏది అవసరమో వాళ్లనే అడిగి చెయ్యి.

చందా అడిగే మెసేజ్‌లో వదిన కష్టాల కథ రాయకు. ఆసుపత్రి బెడ్ మీది ఫోటో అసలు వద్దు. ఆమె జుట్టు ఊడిన రోజుల్లో అద్దం దగ్గరికే వెళ్లేది కాదు, ఇప్పుడు నీ టీషర్టు మీద ఊరంతా తిరగాలా? మీ నాన్నని అడిగి, ఆమెకి ఇష్టమైన ఫోటో పెట్టు. దాంతోపాటు ఒక్క సంగతి రాయి. నొప్పి లేదు కదా అని ఆమె గడ్డని నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు. రొమ్ములో వచ్చే క్యాన్సర్ గడ్డ చాలాసార్లు నొప్పి పెట్టదు, అందుకే ఆడవాళ్లు మోసపోతారు. చదివిన వాళ్లలో ఒక్కరు డాక్టరు దగ్గరికి వెళ్లినా నీ ఐదు లక్షలకన్నా మిన్న. మొదట మీ చెల్లి వెళ్లాలి. తల్లికి వచ్చింది కాబట్టి ఏ వయసు నుంచి ఏ పరీక్ష అన్నది డాక్టరునే అడగమను.

ఒంటరిగా పొడుగు పరుగులు చేసేటప్పుడు ఏడుపు ముంచుకొస్తుంది. అప్పటిదాకా బాగానే ఉన్నవాడివి ఏ ట్యాంక్‌బండ్ మీదో కూలబడతావు. కూర్చో, ఏడువు, నీళ్లు తాగి నడుచుకుంటూ వచ్చెయ్. వాచీలో ఆ రోజు దూరం తక్కువ చూపిస్తుంది, చూపించనీ. కానీ నిద్ర పట్టక, తిండి సయించక, పరుగు తప్ప ఇంకేదీ వద్దనిపించే రోజులు వారాలుగా సాగితే అది పరుగుతో పోయేది కాదు. 14416కి ఫోన్ చెయ్యి, అది మనసు బాగోనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ హెల్ప్‌లైన్, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. నాకు చేసినా సరే.

మీ నాన్న నాలుగింటికే లేచి హాల్లో కూర్చుంటున్నాడట. ఆదివారం నీతో పాటు తీసుకురా. పరుగెత్తక్కర్లేదు, నెక్లెస్ రోడ్డు మీద మన సీసాలు, అరటిపళ్లు పట్టుకుని ఒక బెంచీ మీద కూర్చుంటే చాలు. రసీదుల లెక్క కూడా వాడికే అప్పజెప్పు. బ్యాంకులో ముప్పై ఏళ్లు పని చేసినవాడు, పైసా తేడా రానివ్వడు. పరుగయ్యాక ముగ్గురం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తిందాం. అది మాత్రం వ్యాయామ నియమాల్లోంచి మినహాయింపు.

శనివారం సాయంత్రం ఆరింటికి అబిడ్స్‌కి రా, బూట్లు నేను కొనిపెడతాను. ఈసీజీ రిపోర్టు ఈలోపే వాట్సాప్‌లో పంపు. అది చూడకుండా రూపాయి తియ్యను.

మీ అత్త