పాలు నిగనిగలాడితేనే బొమ్మ

కాఫీ, పాలు, వంటిల్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అక్కా, పెళ్లిరోజుకి మా ఆయన చిన్న ఎస్ప్రెసో మిషన్ కొనిచ్చారు, ఒత్తిడితో చిక్కటి కాఫీ తీసి, పాలకు ఆవిరి పెట్టేది. నెల రోజులుగా లాటే మీద, అంటే ఆ కాఫీలో నురగ పాలు పోసిన దాని మీద, హార్ట్ బొమ్మ వేయాలని తంటాలు పడుతున్నాను. వీడియోలు చూసి చూసి చెయ్యి ఎట్టా తిప్పాలో బట్టీ వచ్చేసింది. కప్పులో మాత్రం ఒక తెల్లటి ముద్ద తేలుతుంది, చుట్టూ పెద్ద పెద్ద బుడగలు. ఒక్కోరోజు అసలు నురగే రాదు, పాలు నీళ్లలా ఉంటాయి. రోజూ అర లీటరు పాలు పారబోస్తున్నా మా అత్తయ్య ఏమీ అనరు కానీ, చూస్తూనే ఉంటారు. నాకేమో టెన్షన్. ఈ విద్య నా చేతికి రాదంటారా?
– ఒక సోదరి, సింగరాయకొండ

జవాబు: వస్తుందమ్మా. నీ చేతిలో తప్పేమీ లేదు. తేలే ముద్ద, పెద్ద బుడగలు, నీళ్లలాంటి పాలు, ఈ మూడూ జగ్గు దగ్గర జరిగిన పొరపాట్లే. పాలు కుదరకపోతే ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా బొమ్మ రాదు. కుదిరితే మొదటిసారి పోసేవాళ్లకు కూడా గుండ్రంగా ఒక తెల్ల మచ్చైనా పడుతుంది. ఒక వారం హార్ట్ సంగతి పక్కన పెట్టు. పాల సంగతి చూద్దాం.

మా నాన్నగారు బుచ్చిరెడ్డిపాలెంలో కాఫీ హోటల్ నడిపారు. గల్లా దగ్గర మనుషులతో మాట్లాడుతూనే, వెనక పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయని తల తిప్పకుండా చెప్పేవారు. "చప్పుడు మారింది అమ్మణ్ణీ, మంట తగ్గించు" అనేవారు. కాగేటప్పుడు సన్నగా సొద పెట్టే పాలు, పొంగే ముందు ఒక్కసారి గమ్మునైపోతాయి. అది ఆయనకు చెవిలో ఉండేది. నాకు యాభై రెండేళ్లప్పుడు నెల్లూరులో మా ఇంటికి మిషన్ వచ్చింది. మూడు నెలలు జగ్గులోకి కళ్లప్పగించి చూశాను, ఏమీ రాలేదు. వినడం మొదలుపెట్టాక పది రోజుల్లో పాలు దారికొచ్చాయి. అందుకే నీకు కూడా చప్పుళ్ల లెక్కలోనే చెబుతాను.

పాలు ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవై ఉండాలి. ఎంత చల్లగా ఉంటే, వేడెక్కేలోపు నీకు అంత సమయం దొరుకుతుంది. మన రోహిణి కార్తెలో ప్యాకెట్ గట్టు మీద పది నిమిషాలున్నా ఆ లాభం పోతుంది. ఎండాకాలం నేను ఖాళీ జగ్గును కూడా ఫ్రిజ్‌లోనే ఉంచుతాను. 350 మిల్లీలీటర్ల స్టీలు జగ్గు తీసుకుని, దాని ముక్కు మొదలయ్యే చోటుకు కొంచెం కింద వరకే పాలు పొయ్యి. ఆవిరి గొట్టాన్ని పాలలో ముంచకముందు ఒకసారి ఖాళీ గిన్నెలోకి వదులు. అందులో నిలిచిన నీళ్లు పోతాయి.

ఇప్పుడు గొట్టం కొసను పాలలో కొద్దిగా ముంచి, నట్టనడుమ కాకుండా ఒక పక్కగా పెట్టి ఆవిరి పూర్తిగా తిప్పు. వెంటనే జగ్గును బియ్యపు గింజంత కిందికి దించు. కొస సరిగ్గా పాల పైభాగాన్ని తాకుతూ ఉంటే చస్, చస్ అని, కొత్త గుడ్డ చింపుతున్నట్టు వినపడుతుంది. గాలి లోపలికి పోతున్న చప్పుడు అదే. గుడగుడమని పాలు చిందితే కొస పైకి వచ్చేసింది. పెద్ద బుడగలు పుట్టేది అక్కడే. కీచుమని చెవులు చిల్లులు పడేట్టు అరిస్తే కొస లోతుకు పోయింది, గాలి అందడం లేదు. నీళ్లలా మిగిలే పాలు ఆ అరుపు వల్లే.

హోటల్ మిషన్లకు ఈ గాలి పట్టే పని రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. ఇంటి మిషన్ ఆవిరి బలహీనం, ఆరు నుంచి పది సెకన్లు పట్టొచ్చు. గడియారం కంటే నీ అరచెయ్యి నయం. జగ్గుకు ఆనించిన చేతికి చల్లదనం పోయి, చెయ్యీ జగ్గూ ఒకే వెచ్చదనానికి వచ్చాయనిపించగానే గాలి ఆపెయ్యాలి. జగ్గును అర సెంటీమీటరు పైకి లేపు, కొస మునుగుతుంది. చస్ చస్ ఆగిపోయి చప్పుడు గమ్మున తగ్గుతుంది, పాలు సుడి తిరుగుతాయి. ఆ సుడే చిన్నాచితకా బుడగల్ని నలిపి పాలలో కలిపేస్తుంది. సుడి తిరగకపోతే జగ్గును కొంచెం వంచి, గొట్టం ఏ మూలకు జరిపితే తిరుగుతుందో వెతుక్కో. నా మిషన్‌కు ఎడమ పక్క కుదిరింది.

నీ ముద్ద సంగతి ఇప్పుడు తేలిపోతుంది. పాలు వేడెక్కాక కూడా గాలి పెడుతూ ఉండి ఉంటావు. ఆలస్యంగా వచ్చిన నురగకు సుడిలో కలిసే సమయం ఉండదు, పైన దూదిలా కూర్చుంటుంది.

జగ్గు మీద అరచెయ్యి రెండు మూడు సెకన్లు కూడా ఆనించలేకపోతే ఆపెయ్యి. అప్పటికి పాలు సుమారు 60 డిగ్రీల దగ్గర ఉంటాయి. పాలకు తీపి బాగా తెలిసేది 55, 65 డిగ్రీల మధ్యే. 70 దాటితే నురగను పట్టి ఉంచే ప్రొటీన్లు చెడిపోయి, కాగిన పాల వాసన వచ్చి, నురగ గరుకుగా పొడిబారుతుంది. మనకు పొగలు కక్కే కాఫీ అలవాటు కాబట్టి ఇది మొదట్లో చల్లారిపోయినట్టుంటుంది. మా ఇంట్లో నెల పట్టింది అలవాటు పడటానికి. ఇప్పుడు పంచదార సగానికి తగ్గింది, ఎవరూ అడగలేదు.

ఇంకో మాట. చాలా చిన్న మిషన్లలో ఆవిరి గొట్టం మీద లావుపాటి ప్లాస్టిక్ లేదా స్టీలు తొడుగు ఉంటుంది. దాని పక్కన చిన్న చిల్లు. దాంట్లోంచి గాలి తనంతట తానే లాక్కుంటుంది కాబట్టి, నువ్వు ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా పెద్ద బుడగలే వస్తాయి. ఆ తొడుగు ఊడేదైతే తీసి, లోపలి సన్న గొట్టంతో ప్రయత్నించు. ముందు ఇది చూసుకో తల్లీ, నీ సగం కష్టం అక్కడే ఉండొచ్చు.

రెండో పరీక్ష, జగ్గు కడగడం. ఒకసారి నాకు రెండు వారాలు నురగ లేచినట్టే లేచి చప్పున కుంగిపోయింది. పాలు మార్చాను, మిషన్ అమ్మినవాళ్లకు ఫోన్ చేశాను. వాళ్లు కొత్త గొట్టం కొనమన్నారు, కొన్నాను, డబ్బు దండగ. చివరికి తెలిసిందేమంటే, పప్పు పోపు గిన్నెలు తోమిన పీచుతోనే జగ్గునూ తోముతున్నాం. కంటికి కనపడని ఆ నూనె జిడ్డు చాలు నురగను చంపడానికి. సబ్బు పూర్తిగా వదలకపోయినా అంతే. అప్పటినుంచీ జగ్గుకు వేరే పీచు, వేడినీళ్లు. గొట్టాన్ని కూడా పని కాగానే తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదలాలి. ఎండిపోయిన పాలు రాయి అవుతాయి.

పాలు దింపాక జగ్గును గట్టు మీద ఒకటి రెండుసార్లు తట్టి, గుండ్రంగా తిప్పు. లోపలికి చూడు. కొత్తగా వార్నిష్ వేసిన తలుపులా నిగనిగలాడాలి, ట్యూబులైటు నీడ అందులో కనపడాలి. ఒక్క బుడగ కూడా కంటికి ఆనకూడదు. ఆ మెరుపు నీకు ఒక్కసారి వచ్చిందంటే దాన్ని ఇక మర్చిపోలేవు. మెరుపు లేని పాలతో బొమ్మ జోలికి పోవద్దు, కాఫీలో కలుపుకుని తాగెయ్యి. మెరిసిన పాలను ఆలస్యం చెయ్యొద్దు, అర నిమిషంలో నురగ పైకీ పాలు కిందికీ విడిపోతాయి. అందుకే ఎస్ప్రెసో ముందే తీసి ఉంచుకోవాలి.

పొయ్యడం నీకు ముందే వచ్చు, పేరు వేరు. దబరాలోంచి గ్లాసులోకి కాఫీ తిరగబోస్తావు కదా. ఎత్తునుంచి పోస్తే సన్నటి ధార లోపలికి దిగుతుంది, దగ్గరనుంచి పోస్తే పైపైన పరుచుకుంటుంది. లాటేలోనూ అదే. కప్పును నీ వైపు వంచి, మూడు నాలుగు అంగుళాల ఎత్తునుంచి సన్నగా పొయ్యి. తెల్లదనం మునిగిపోయి, పైన గోధుమరంగు అట్టే ఉంటుంది. కప్పు సగం దాటాక జగ్గు ముక్కును కాఫీకి తగిలీ తగలనంత దగ్గరికి దించి ధార పెంచు. తెల్లటి మచ్చ విచ్చుకుంటుంది. చెయ్యి కదపొద్దు, అదే పెరుగుతుంది. కప్పు నిండేకొద్దీ నిటారు చేస్తూ, చివర్లో జగ్గును కొంచెం లేపి సన్నటి ధారను మచ్చ మధ్యలోంచి అవతలి అంచుదాకా లాగు. అదే హార్ట్. ధార పెంచడానికి భయపడి చుక్కచుక్కగా పోస్తే పాలు మునిగిపోతూనే ఉంటాయి. కప్పు అడుగు గుండ్రంగా, మూతి వెడల్పుగా ఉంటే సులువు. నేను నేర్చుకున్నది మా అమ్మ ఇత్తడి దబరాలోనే.

ఫొటోలూ వీడియోలూ చూసి నేర్చుకోవడం చిన్నతనమేమీ కాదు. అమెరికాలోని సియాటిల్‌లో డేవిడ్ షోమర్ అనే ఆయన తన కాఫీ దుకాణంలో 1980ల చివర్లో, 1990ల మొదట్లో ఈ బొమ్మలకు పేరు తెచ్చారు. 1992లో ఆయన వేసిన ఆకు బొమ్మ, ఇటలీలోని ఒక కెఫేలో తీసిన ఫొటో చూసి సాధించిందే.

ఇక అత్తయ్య సంగతి. గాలి పట్టడం సాధన చెయ్యడానికి పాలే అక్కర్లేదు. జగ్గులో చల్లటి నీళ్లు పోసి గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్కటంటే ఒక్క చుక్క వెయ్యి. ఆవిరి పెడితే పాలలాగే నురగ లేస్తుంది, సుడి తిరుగుతుంది, చప్పుళ్లు కూడా దాదాపు అవే. రోజుకు పదిసార్లు చేసుకో, తర్వాత జగ్గును బాగా కడుగు. పాలతో రోజుకు ఒక్క కప్పు చాలు. అది చెడినా పారబోయకు, కాఫీ కలపకముందే అయితే కాచి తోడు పెట్టమని అత్తయ్యకే ఇవ్వు. కుదిరిన మొదటి హార్ట్ కూడా ఆమె కప్పులోనే పొయ్యి.

ప్రశ్న: అమ్మా, నేను చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ రూములో ఉంటాను. మిషన్ కొనే స్తోమత లేదు. వాడిక గేదె పాలు పోయించుకుంటాను. డికాక్షన్ ఫిల్టర్ ఒకటి ఉంది. వీటితో లాటే బొమ్మ వీలవుతుందా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: వీలవుతుంది నాయనా, కాకపోతే మిషన్‌తో వచ్చినంత సన్నటి గీతలు ఆశించవద్దు. హార్ట్ దాకా వెళ్లొచ్చు.

ఫ్రెంచ్ ప్రెస్ అని గాజు గ్లాసులో జల్లెడ పిడి ఉండేది దొరుకుతుంది, దాన్ని పాలకు వాడు. పాలు వేలు పెట్టలేనంత వేడి చేసి, పొగలు రాకముందే దించి, ప్రెస్‌లో మూడో వంతు వరకే పొయ్యి. జల్లెడను పాల పైభాగం దగ్గర పది పదిహేనుసార్లు పైకీ కిందికీ ఆడించు, తర్వాత జల్లెడను లోపలే ఉంచి నెమ్మదిగా మరో పదిసార్లు. ముందు గాలి, తర్వాత నలపడం. మిషన్ చేసే పనే ఇది కూడా. ఆనక ముక్కున్న గిన్నెలోకి వంచి, తట్టి, తిప్పి, నిగనిగ వచ్చాకే పొయ్యి.

వాడిక పాలు కాచకుండా వాడొద్దు. రాత్రే కాచి, చల్లార్చి, మీగడ తీసి, పల్చటి గుడ్డలో వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టు. మీగడ తునక ఒక్కటి పడినా గీత తెగుతుంది. నురగ కట్టేది పాలలోని ప్రొటీన్, వెన్న రుచినీ ఒత్తునీ ఇస్తుంది. గేదె పాలలో వెన్న ఎక్కువ కాబట్టి నురగ బరువుగా, చిక్కగా వస్తుంది, తొందరగా ముద్ద కడుతుంది. చెయ్యి కుదిరేదాకా టోన్డ్ పాల ప్యాకెట్ వాడమంటాను. అందులో వెన్న 3 శాతం. తర్వాత 4.5 శాతం ఉండే స్టాండర్డైజ్డ్ పాలు, ఆపైన 6 శాతం ఫుల్ క్రీమ్. నా నాలుకకు 4.5 దగ్గరే అన్నీ సమంగా ఉంటాయి. విరగడానికి దగ్గరపడిన పాలతో మాత్రం ఎంత తన్నుకున్నా నురగ నిలవదు.

డికాక్షన్ మీద బొమ్మ పడుతుంది కానీ నిలవదు. ఎస్ప్రెసోను 9 బార్ల ఒత్తిడితో తీస్తారు, అందుకే దాని మీద గోధుమరంగు నురగ ఒక పొరలా ఉంటుంది. పాల తెలుపును పట్టుకునేది ఆ పొరే. ఫిల్టర్‌లోంచి బొట్టుబొట్టుగా దిగే డికాక్షన్‌కు అది ఉండదు. సాధన కోసం ఇన్‌స్టంట్ కాఫీ పొడి ఒక చెంచా, వేడినీళ్లు రెండు చెంచాలు కప్పులో వేసి నురగ వచ్చేదాకా స్పూనుతో గిలక్కొట్టి, ఇంకాస్త నీళ్లు కలుపు. పైన ఏర్పడే గోధుమరంగు పొర మీద నీ హార్ట్ చక్కగా కనపడుతుంది. రుచికి మాత్రం నీ డికాక్షన్ కాఫీయే తాగు, దానికి బొమ్మతో పనిలేదు.

ప్రశ్న: ఏడాది కూడా కాలేదు, మా మిషన్‌లో ఆవిరి బాగా తగ్గిపోయింది. పాలు వేడెక్కడానికే రెండు నిమిషాలు పడుతోంది. బోరు నీళ్లు పోస్తాం. పాడైపోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: పాడైపోలేదండీ, లోపల సున్నం కట్టి ఉంటుంది. మీ కెటిల్ అడుగున కనపడే తెల్లటి పెచ్చులాంటిదే ఆవిరి దారిలోనూ పేరుకుంటుంది. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో సున్నం తీసే పద్ధతి ఉంటుంది, ముందు అది చదవండి. అందులో సిట్రిక్ యాసిడ్ వద్దని లేకపోతే, కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు ఒక పెద్ద చెంచా లీటరు నీళ్లలో కరిగించి ట్యాంకులో పోయండి. కొంత గొట్టంలోంచి వదిలి, ఇరవై నిమిషాలు ఆపి, మిగతాది వదిలెయ్యండి. తర్వాత రెండు ట్యాంకుల మంచినీళ్లు పూర్తిగా తిప్పి వదలాలి, లేకపోతే ఆ పులుపుకు పాలు విరుగుతాయి. ఇకనుంచి క్యాన్ నీళ్లే పోయండి. ఖాళీ గిన్నెలోకి ఆవిరి వదిలి వినండి. కొన్న కొత్తలో ఉన్న చప్పుడే మళ్లీ వస్తే పాలు పెట్టొచ్చు.