పార్కు స్థలానికి చందాలు: ముందు కాగితం, తర్వాత కంచె

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఖాళీ స్థలాల గురించే. పార్కు, ఆటస్థలం, ఊరి ఉమ్మడి జాగా ఏదైనా అందరి ప్రశ్న ఒకటే. డబ్బు పోగేసి కాపాడుకుందాం అనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది 212 ప్లాట్ల పాత గ్రామ పంచాయతీ లేఅవుట్. 1,200 గజాల పార్కు స్థలంలో ఎవరో రేకులు పాతి, సేల్ డీడ్ ఉందంటున్నారు. గొడవెందుకు, తలా పదివేలు వేసుకుని ఆయన దగ్గరే కొనేద్దామని కొందరి మాట. మంచిదేనా? (మేడ్చల్ జిల్లా నుంచి)

వద్దు. మీరు కొన్నారంటే, అమ్మే హక్కు ఆయనకుందని మీరే ఒప్పుకున్నట్టు. రేపు ఇంకొకరు ఇంకో డాక్యుమెంటు పట్టుకొస్తారు, మళ్లీ కొంటారా? పైగా ఆ స్థలానికి మీరు ఎప్పుడో డబ్బు కట్టారు. లేఅవుట్‌లో పార్కుకు వదిలిన భూమి ఖరీదు ప్లాటు ధరలో కలిసే ఉంటుంది.

చందా పుస్తకం తెరిచే ముందు చేయాల్సిన పని కాగితాలు పోగేయడం. లేఅవుట్ ప్లాన్ సర్టిఫైడ్ కాపీ కోసం మున్సిపాలిటీకి, హెచ్‌ఎండీఏకి (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) సమాచార హక్కు కింద విడివిడిగా దరఖాస్తులు పెట్టండి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఓపెన్ స్పేస్‌ను స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్‌గా రాసిచ్చారా అన్నదీ అందులోనే అడగండి. పాత పంచాయతీ లేఅవుట్లలో చాలా వాటికి ఆ గిఫ్ట్ డీడ్ ఉండదు. మళ్లీ అమ్ముకోవడానికి సందు దొరికేది అక్కడే.

ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) తీసేటప్పుడు ప్లాటు నంబరుతో వెతకకండి. పార్కుకు కొత్తగా 87/ఎ, 87/పార్ట్ లాంటి నంబరు తగిలించి అమ్మి ఉంటారు, మీ వెతుకులాటలో అది కనపడదు. సర్వే నంబరుతో, లేఅవుట్ వేయడానికి ఒకట్రెండేళ్ల ముందు నుంచి తీయించండి.

అసలు బలమైన సాక్ష్యం మాత్రం మీ కాలనీ బీరువాల్లోనే ఉంటుంది. పార్కును ఆనుకున్న ప్లాట్ల సేల్ డీడ్లలో చివరి పేజీల హద్దులు చూడండి. 'ఉత్తరం: పార్కు' అని ఉంటే, దాన్ని రాయించింది ఆ లేఅవుట్ యజమానే. అలాంటివి నాలుగైదు జిరాక్సులు చేతిలో ఉంటే ఎదుటి వాళ్ల కొత్త డాక్యుమెంటుకు జవాబు దొరికినట్టే. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు తేదీతో కనిపిస్తాయి, అవీ ప్రింటు తీయండి.

ఇవన్నీ కుట్టి మున్సిపల్ కమిషనర్‌కు ఇస్తూ మూడు కోరండి: స్థలాన్ని స్వాధీనం చేసుకుని బోర్డు పెట్టడం, సర్వే చేయించడం, సబ్‌రిజిస్ట్రార్ దగ్గర 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) చేర్పించడం. ఔటర్ రింగ్ రోడ్డు లోపలైతే, ప్రభుత్వ స్థలాల్లో ఆక్రమణలు తొలగించడానికి 2024 జులైలో ఏర్పాటైన హైడ్రాకూ ఫిర్యాదు ఇవ్వండి. మాకేం హక్కుంది అని వెనకాడనక్కర్లేదు. బెంగళూరులో పార్కు స్థలాన్ని ఆసుపత్రికి కేటాయిస్తే స్థానికులే కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది.

ప్రశ్న: కొనకపోతే మరి చందా దేనికి? ఇంటికి ఎంత పెట్టాలి? (అదే కాలనీ నుంచి ఇంకొకరు)

ఖర్చులు నాలుగు: కాగితాలు, సర్వే, కంచె, కోర్టు. నాలుగింటికీ ఒకేసారి అడక్కండి. కాగితాలకూ సర్వేకూ మొదటి విడత, కమిషనర్ అనుమతి చేతికొచ్చాక కంచెకు రెండో విడత. కోర్టు డబ్బు మాత్రం మొదటి నుంచీ విడిగా పక్కన పెట్టాలి. ఉన్నదంతా కంచెకు ఊడ్చి, నెల తిరక్కుండా నోటీసు వస్తే వకీలు ఫీజుకు మళ్లీ గడపగడపా తిరిగే కాలనీలు చాలానే ఉన్నాయి.

మొత్తాన్ని 212తో భాగించి ఇంటికింత అని ప్రకటించడం అందరూ చేసే తప్పు. ఖాళీ ప్లాట్ల యజమానులు వేరే ఊళ్లలో ఉంటారు, అద్దెకున్నవాళ్లు మాకెందుకంటారు. పదిమందిలో ఆరుగురు ఇస్తారనుకుని లెక్క వేయండి. 5 లక్షలు కావాలంటే 212తో భాగిస్తే 2,358 వస్తుంది. నిజంగా ఇచ్చే 125 మందితో భాగిస్తే 4,000. ఆ 4,000 అడగండి.

కంచె లెక్క ఉదాహరణగా చూద్దాం. 1,200 గజాలు 120 అడుగులకు 90 అడుగులైతే చుట్టుకొలత 420 అడుగులు. 12 అడుగుల గేటు పోను 408. ఎనిమిది అడుగులకొక రాతి కడీ చొప్పున 52, వంకరటింకరలకు ఒకటి అదనంగా 53. కడీ ఎత్తు 8 అడుగులు, అందులో 2 అడుగులు భూమిలోకి. గుంట అడుగు చదరం, 2 అడుగుల లోతు. 1:3:6 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటుకు మొత్తం మీద సుమారు 13 బస్తాల సిమెంటు. చైన్‌లింక్ జాలి 50 అడుగుల చుట్టలు తొమ్మిది. వీటికి మీ ఊరి ధరలతో మూడు కొటేషన్లు తీసుకోండి.

మేస్త్రీలు తరచూ ఎగ్గొట్టేవి రెండున్నాయి. ఒకటి ఊత కడీలు. జాలి లాగి కట్టగానే మూల కడీ లోపలికి ఒరుగుతుంది. నాలుగు మూలల్లో రెండేసి, గేటుకు ఇటూ అటూ ఒక్కొక్కటి, మొత్తం పది ఊతలు వేయించాలి. రెండోది జాలికి పైన, నడుమ, కింద లాగి కట్టే మూడు వరసల తీగ. అది లేకపోతే పిల్లలు నాలుగుసార్లు ఎక్కేసరికి జాలి పొట్టలా ముందుకొస్తుంది. కాంక్రీటు వేసిన ఏడు రోజుల దాకా జాలి లాగనివ్వకండి.

ప్రహరీ గోడే కావాలని పట్టుబట్టేవాళ్లు ప్రతి కాలనీలో ఉంటారు. మా ఓటు జాలికే. గోడ వెనక రాత్రికి రాత్రి బేస్‌మెంట్ లేచినా వీధిలోకి కనపడదు. ఏది కట్టినా సర్వే రాళ్లు పాతాకే కట్టండి. కంచె రోడ్డు మీదికి రెండడుగులు జరిగితే, ఆక్రమణదారు మీరే అని ఎదుటివాళ్లు ఫిర్యాదు పెడతారు. కంచె మీ డబ్బుతో వేసినా స్థలం మున్సిపాలిటీదే. బోర్డు మీద సంఘం పేరు కింద వరసలో చాలు.

ప్రశ్న: డబ్బు ఇప్పుడు వాట్సాప్ గ్రూపు అడ్మిన్ ఫోన్‌పేకి వెళుతోంది. ఆయన మంచివాడే. ఇబ్బందా? (ఉప్పల్ వైపు నుంచి)

ఇబ్బందే, ముఖ్యంగా ఆయనకు. ఏడాది చివర తన ఖాతాలో పడ్డ లక్షలకు లెక్క చెప్పాల్సింది ఆయనే. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం నమోదు చేసుకోవచ్చు. సంఘం పాన్‌తో బ్యాంకు ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు తీసేలా పెట్టుకోండి. నిర్వహణ చందాలూ పార్కు చందాలూ కలపకండి, వేరు ఖాతా తెరవండి. రసీదు పుస్తకాలు నంబర్లతో అచ్చు వేయించి, ఏ పుస్తకం ఎవరి చేతికిచ్చారో రాసుకోండి. పోయిన పుస్తకమొక్కటి చాలు, కాలనీ రెండుగా చీలడానికి.

నగదు ఒక్కరి దగ్గర 2 లక్షలు, ఆపైన తీసుకోవడం ఆదాయపు పన్ను నిబంధనలకు విరుద్ధం. దాతకు పన్ను మినహాయింపు వచ్చే రసీదు (80జీ అని పిలిచేది) ఇస్తామని మాత్రం తొందరపడి చెప్పకండి. దానికి ప్రత్యేక అనుమతి కావాలి, సభ్యుల సౌకర్యానికే పనిచేసే సంఘాలకు అది దొరకడం కష్టం. అనుమతి ఉన్నా 2,000 దాటి నగదుగా ఇస్తే దాతకు మినహాయింపు రాదు.

తీర్మానంలో ఒక వాక్యం తప్పక రాయండి: డబ్బు మిగిలితే ఏం చేస్తారు, పని ఆగిపోతే ఎవరికెలా తిరిగిస్తారు. తగవులు ఎక్కువగా మిగిలిన డబ్బు దగ్గరే పుడతాయి.

ప్రశ్న: మా ప్లాటు కూడా ఇలాంటి కాలనీలోనే ఉంది. ఇక్కడి నుంచి చందా పంపొచ్చా? (డాలస్ నుంచి)

మీ పాస్‌పోర్టు భారతదేశానిదైతే, సొంత డబ్బు బ్యాంకు ద్వారా నిక్షేపంగా పంపండి. అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) మీద ఉంటే వస్తుంది. అప్పుడు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేని సంఘం మీ విరాళం తీసుకోకూడదు. ఇక్కడి మీ ఎన్‌ఆర్‌వో ఖాతాలోంచి (విదేశాల్లో ఉండేవారు ఇక్కడి రాబడికి పెట్టుకునే ఖాతా) ఇచ్చినా అంతే. బావమరిది ఖాతాలో వేసి ఆయన పేరున ఇప్పించే ఉపాయం సంఘాన్నే ఇరికిస్తుంది. మీరు చేయగలిగిన మేలు ఇంకొకటుంది: మీ సేల్ డీడ్ స్కాన్ పంపండి, హద్దుల పేజీతో సహా.

ప్రశ్న: బడి పక్కన ఎకరం పట్టా పొలం అమ్మకానికి వచ్చింది. వెంచర్ వాళ్ల చేతికి పోకముందే ఊరంతా చందాలేసి ఆటస్థలానికి కొనాలనుకుంటున్నాం. (గుంటూరు జిల్లా నుంచి)

ఇది నిజంగా కొనాల్సిన చోటు. అయినా ముందు అడంగల్, 1-బి (రెవెన్యూ రికార్డులు), ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం), ఈసీ, 22ఏ జాబితా చూడండి. డీ పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి) వాసన తగిలితే, తహసీల్దారు దగ్గర లిఖితపూర్వకంగా తేలకుండా అడ్వాన్సు ఇవ్వకండి. అది పోరంబోకో, ఊరి ఉమ్మడి భూమో అని తేలితే కొనాల్సిన పనే లేదు. అలాంటి భూముల్లో ఆక్రమణలు ఖాళీ చేయించడానికి పథకాలు తయారుచేయమని జగ్‌పాల్ సింగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది.

ధర ఒక్కటే చూసి చందా లక్ష్యం పెట్టకండి. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే 40 లక్షల భూమికి 3 లక్షలు. పొలం పట్టణ పరిధిలోకి వచ్చి, ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (ముందుగా కోసే పన్ను) అమ్మేవారి సొమ్ములోంచి మినహాయించి మీరు కట్టాలి; పల్లె వ్యవసాయ భూమికి ఇది వర్తించదు. అడ్వాన్సు 20,000 గానీ అంతకుమించి గానీ నగదుగా ఇవ్వకూడదు.

నోటి మాటలను నమ్మి అగ్రిమెంటు రాసుకోవడం ఇక్కడ పెద్ద ప్రమాదం. జాతర రోజు మైకులో ప్రకటించిన మొత్తం, బ్యాంకులో పడిన మొత్తం ఎప్పుడూ ఒకటి కావు. సగం సొమ్ము ఖాతాలో చేరాకే అగ్రిమెంటు రాయించి, మిగతాదానికి ఆరు నెలల గడువు అడగండి. గడువు దాటితే అడ్వాన్సులో ఎంత పోతుందో అంకెల్లో రాయించండి. సొసైటీ పేరున కొని, తర్వాత పంచాయతీకి గిఫ్ట్ డీడ్ ఇచ్చేటట్టయితే 'ఆటస్థలంగానే వాడాలి' అన్న షరతు అందులో ఉండాలి. సర్పంచ్ మారినప్పుడు అక్కరకొచ్చేది అదే.

ప్రశ్న: అవతలివాళ్లు మాకు తెలియకుండా కోర్టు నుంచి స్టే తెచ్చుకుంటే? (వరంగల్ నుంచి)

ముందుగానే కోర్టులో కేవియట్ అనే అర్జీ వేయండి. మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వకుండా అది అడ్డుపడుతుంది. ఎవరు కేసు వేస్తారనుకుంటున్నారో వాళ్లందరి పేర్లూ రాయాలి. ఒక పేరు వదిలితే ఆ పేరుతోనే కేసు పడుతుంది. కేవియట్ 90 రోజులే చెల్లుతుంది. తేదీ రాసుకుని మళ్లీ వేయించండి, కోర్టు నిధిలోంచి ఆ ఖర్చు ముందే తీసి పెట్టుకోండి. రేకులు దిగేది ఎక్కువగా కోర్టు సెలవుల ముందు సాయంత్రమే. శుక్రవారం చీకటి పడ్డాక జేసీబీ కనిపిస్తే తేదీ పడేలా వీడియో తీసి, 112కి ఫోన్ చేసి, అదే రాత్రి కమిషనర్‌కు ఈమెయిల్ పెట్టండి. సోమవారం వకీలు మొదట అడిగేది ఆ ఈమెయిల్ టైమే.