మాస్టర్స్ పోటీల్లో పరిగెత్తేవాళ్లకు కూడా డోప్ పరీక్ష ఉంటుందా?

బీపీ మాత్ర వేసుకుంటూ 45 ఏళ్లు పైబడినవారి విభాగంలో 1500 మీటర్లు పరిగెడుతున్నానని, మనలాంటి వాళ్లను కూడా డోప్ పరీక్షకు పిలుస్తారా, పిలిస్తే ఏమవుతుందని మీరు అడిగారు. పిలుస్తారు. జిల్లా, రాష్ట్ర స్థాయి మాస్టర్స్ (పెద్ద వయసువాళ్లకు వయసు విభాగాలవారీగా జరిగే) మీట్లలో పదేళ్లుగా నాకు ఆ అధికారులు ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. కానీ 2022లో ఫిన్లాండ్‌లోని టాంపెరేలో జరిగిన ప్రపంచ మాస్టర్స్ పోటీల్లో, 55 ఏళ్ల విభాగంలో పరుగు ముగించి నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతుండగానే ఒకాయన వచ్చి, నా ముందు కాగితం పెట్టి సంతకం చేయమన్నాడు. అప్పటికి నేను పతకం దరిదాపుల్లో కూడా లేను.

ఆ రోజు నేను గట్టెక్కానంటే, గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో పొద్దున్నే నాతోపాటు నడిచే మెడికల్ షాపు ఆయన పుణ్యమే. ప్రయాణానికి రెండు నెలల ముందు ఆయన నా మాత్రల షీటు చేతిలోకి తీసుకుని, పేరు చివరనున్న ‘హెచ్’ అక్షరం మీద గోరు పెట్టి, “ఇదేమిటో తెలుసా మాస్టారూ?” అని అడిగారు. అది హైడ్రోక్లోరోథయాజైడ్. ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రంలో పంపించే మందు. 40 మిల్లీగ్రాముల టెల్మిసార్టాన్‌తో పాటు ఇది 12.5 మిల్లీగ్రాములు ఆ మాత్రలో కలిసి ఉంటుంది. టెల్మిసార్టాన్‌తో పేచీ లేదు. మూత్రాన్ని పలచబరిచి ఇతర మందుల ఆనవాళ్లను కప్పిపుచ్చగలవన్న కారణంతో మూత్రం ఎక్కువగా పోయించే మందులను ‘వాడా’ (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాలో చేర్చింది, అదీ పోటీ రోజుకు మాత్రమే కాదు, ఏడాది పొడవునా. ఆరేళ్లుగా పొద్దున ఇడ్లీ తిని నేను మింగుతున్న మాత్ర అది! రాసిచ్చిన డాక్టరు గారిని తప్పుపట్టను, ఎందుకంటే నేను పరుగు పందేలకు వెళ్తానని ఆయనకు ఏనాడూ చెప్పలేదు. చెప్పాక, టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిసిన మాత్రకు మార్చి, మూడు వారాలపాటు బీపీ చూసి, సరిపోయిందన్నారు.

దీన్ని చదివి మీ మాత్ర మీరే ఆపేయకండి. నాకు తెలిసిన ఒక షాట్‌పుట్ ఆటగాడు, ఎందుకొచ్చిన గొడవని మీట్‌కు రెండు వారాల ముందు తనంతట తానే మానేసి, పోటీకి ముందు ఆటగాళ్లను కూర్చోబెట్టే కాల్ రూములోనే కళ్లు తిరిగి కూలబడ్డాడు. మార్చడానికి వీలులేని మందైతే, డాక్టరు రికార్డులతో ‘టీయూఈ’ అనే మినహాయింపు పత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఆ పత్రం కావాలి, మెట్‌ఫార్మిన్ మాత్రలు వేసుకునేవాళ్లకు అక్కర్లేదు.

మన వయసు వాళ్ల మందుల డబ్బాలో ఇలాంటివి ఇంకా ఉంటాయి. దగ్గుకు ఇచ్చే కొన్ని సిరప్‌లలో ఉండే టెర్బుటలిన్ నిషిద్ధం. ఉబ్బసానికి సాల్బుటమాల్‌ను ఇన్‌హేలర్‌తో పరిమితికి లోబడి పీల్చుకోవచ్చు గానీ, అదే మందు మాత్రగానో సిరప్‌గానో తీసుకుంటే తప్పే. మోకాలిలో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కూడా 2022 జనవరి 1 నుంచి పోటీ సమయంలో నిషేధం కిందికి వచ్చాయి కనుక, మీట్ దగ్గర పడ్డాక మోకాలికి సూది వేయించుకునే అలవాటున్నవాళ్లు జాగ్రత్తపడాలి. బీపీకి వాడే అటెనొలాల్ వంటివి మనలాంటి పరుగువాళ్లకు ఫరవాలేదు గానీ, విలువిద్య, షూటింగ్ వాళ్లకు కుదరవు. ప్రోస్టేట్‌కు వాడే ఫినాస్టెరైడ్ ఒకప్పుడు నిషిద్ధమే, 2009లో జాబితా నుంచి తీసేశారు.

ఇక పరీక్ష సంగతి. సంతకం చేసిన క్షణం నుంచి ఒక మనిషి నీడలా మన వెంటే ఉంటాడు. కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం ఇవ్వాలి, చొక్కా పైకెత్తి, నిక్కరు మోకాళ్లదాకా దించి, అధికారి చూస్తుండగా. పరిగెత్తి చెమటోడ్చిన ఒంటికి, అందులోనూ యాభై దాటిన మగవాడికి, అదెంత కష్టమో చెప్పనక్కర్లేదు. గంటన్నర దాకా రాకపోయేసరికి తొందరపడి సీసాల కొద్దీ నీళ్లు తాగేశాను. తీరా వచ్చింది చూస్తే నీళ్లలాగే ఉందని, సాంద్రత చాలదని, మళ్లీ కూర్చోబెట్టారు. కాబట్టి నీళ్లు మితంగా తాగండి. నమూనాను ‘ఏ’, ‘బి’ సీసాల్లో పోయడం, మూత బిగించడం అన్నీ మన చేతులతోనే చేయిస్తారు. గడిచిన వారం రోజుల్లో వాడినవన్నీ ఫారంలో రాయమంటే, ఆవకాయ ఒక్కటి తప్ప అన్నీ రాశాను.

మందుల డబ్బా వల్ల అమాయకంగా దొరికిపోయేవాళ్లు ఉన్నట్టే, కావాలని తీసుకునేవాళ్లూ ఉన్నారు. “ఈ వయసులో హార్మోన్ తగ్గుతుంది, నెలకో సూది చాలు” అంటూ టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ గురించి నాకే ఇద్దరు చెవిలో చెప్పారు. వయసుతో తగ్గినందుకు టీయూఈ ఇవ్వరు, కాబట్టి అది మోసం కిందికే వస్తుంది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు ‘నాడా’ (మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ) అధికారులు వచ్చారని తెలియగానే, పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఎనిమిది మందికి గాను ఒక్కడే పరిగెత్తాడు. మరోవైపు, అమెరికాలో 2018లో 90 ఏళ్ల సైక్లిస్టు ఒకాయన నమూనాలో స్టెరాయిడ్ ఆనవాలు దొరికింది. ముందురోజు రాత్రి తిన్న మాంసం నుంచి వచ్చి ఉంటుందని అక్కడి డోపింగ్ నిరోధక సంస్థే తేల్చి, బహిరంగ హెచ్చరికతో వదిలేసినా, ఆ పోటీ ఫలితం మాత్రం పోయింది.

మన ఒంట్లో దొరికినదానికి మనమే జవాబుదారీ అన్నది మూలసూత్రం. అయితే 2021 నుంచి అమల్లో ఉన్న వాడా నియమావళి ‘రిక్రియేషనల్’ (సరదాకు ఆడే) క్రీడాకారులనే విభాగాన్ని ప్రత్యేకంగా గుర్తించింది. గత ఐదేళ్లలో జాతీయ, అంతర్జాతీయ స్థాయి క్రీడాకారులుగా లెక్కలోకి రానివాళ్లు ఇందులోకి రావచ్చు. వీళ్లు పరీక్ష తర్వాత కూడా టీయూఈ కోరవచ్చు, పెద్ద తప్పు లేదని చూపగలిగితే శిక్ష మందలింపుతో ఆగవచ్చు, పేరు బయటపెట్టాలన్న నిర్బంధమూ లేదు.

మీరు ఇప్పుడు చేయవలసిన పని ఒక్కటే: మాత్రల షీటు వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న మందుల అసలు పేర్లు చూసి, నాడా వారి ‘నో యువర్ మెడిసిన్’ యాప్‌లో ఒక్కొక్కటిగా వెతకండి. జాబితా ఏటా జనవరి 1న మారుతుంది కనుక, సంక్రాంతికి ముందు మరోసారి చూసుకోండి. ప్రోటీన్ పొడుల డబ్బా మీద ఎవరు ఏమి రాసినా, ఏ సప్లిమెంటుకూ నాడా హామీ ఇవ్వదు. నేనైతే వాటిని మానేసి ఉడికించిన శనగలకు మారాను.