నీళ్లు అక్కర్లేని నాలుగు బోర్లు

హన్మకొండ

బిడ్డా,

ఇంటి వెనక నాలుగు బోర్లు వేయిస్తున్నావని నిన్న మీ అమ్మ చెప్పింది. నీళ్లకు కాదట, ఇల్లు వెచ్చబెట్టుకోవడానికట. ముప్పై ఐదేళ్లు రిగ్గు వెంట తిరిగాను. నీళ్లు అక్కర్లేకుండా బోరు వేయించుకునే మనిషి మన ఇంట్లోనే పుడుతుందనుకోలేదు. నవ్వొచ్చింది, గర్వంగానూ అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

జియోథర్మల్, అంటే నేల వేడిని వాడుకోవడం, అనగానే మీ అమ్మ మణుగూరు అనుకుంది. అక్కడ పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీళ్లు పొంగుతాయి. సింగరేణి వాళ్లు వాటితో 20 కిలోవాట్ల చిన్న కరెంటు ప్లాంటు కూడా పెట్టారు. నీది ఆ రకం కాదని చెప్పాను. మన ఊరి చేదబావి గుర్తుందా? సంక్రాంతి పొద్దున ఆ నీళ్లు పోసుకుంటే ఒంటి మీద పొగలు లేచేవి. మే నెలలో అవే నీళ్లు జిల్లుమనేవి. బావి ఎప్పుడూ ఒక్కలాగే ఉంది, పైన గాలే మారింది. మన దగ్గర లోపలి నేల 27, 28 డిగ్రీల దగ్గర నిలబడితే, మీ అమెరికా మిన్నెసోటాలో దాదాపు 10. పైన నాలుగైదు అడుగులు గడ్డకట్టినా కింద ఆ పది పదే.

పది డిగ్రీలతో ఇల్లెట్లా వెచ్చబడుతుందని అడిగింది. ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడమన్నాను. లోపలి కూరగాయల్లోంచి గుంజిన వేడే కదా అక్కడ తగిలేది. నీ హీట్ పంపు మిషన్‌దీ అదే పని. బోర్లలో దింపిన పైపుల్లో తిరిగే, గడ్డకట్టకుండా గ్లైకాల్ కలిపిన నీళ్లు నేల వేడిని మోసుకొస్తాయి. ఆ కాస్త వేడికే మిషన్‌లోని ద్రవం మరిగి ఆవిరవుతుంది, కంప్రెషర్ నొక్కితే బాగా వేడెక్కుతుంది. ఆ వేడి ఇంట్లో వదిలేసి, సన్నటి వాల్వు దాటి చల్లబడి మళ్లీ మొదటికొస్తుంది. ఒక యూనిట్ కరెంటు తింటే మూడు, నాలుగు యూనిట్ల వేడి ఇస్తుంది. ఎండాకాలం తిప్పి నడిపితే ఇంటి వేడి నేలలోకి పోతుంది.

పర్మిషన్లు, లైసెన్సు, కొటేషన్లు నువ్వే చూసుకోగలవు. ముందు కిటికీల సందులు, అటక మూయించు, ఆ తర్వాతే మిషన్ సైజు లెక్క వేయించు. బోరుకూ బోరుకూ 15, 20 అడుగుల ఎడం ఉండాలి. పక్క చేను బోరు నా నీళ్లు గుంజిందని మన దగ్గర తలలు పగలగొట్టుకుంటారే, దగ్గరదగ్గరగా వేస్తే నీ బోర్లూ ఒకదాని వేడి ఒకటి గుంజుకుంటాయి. పైపు అతుకులు వేడితో కరిగించి అతికినవే ఉండాలి. పూడ్చకముందే ప్రెషర్ పెట్టి చూడాలి. మిషన్ ఇరవై ఏళ్లకు మార్చుకోవచ్చు, ఆ పైపు యాభై ఏళ్లు లోపలే ఉండాలి.

అసలు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, నువ్వు పుట్టిన ఏడాది ఎండాకాలం పరకాల వైపు ఒక రైతు ఇంటి దగ్గర బోరు వేశాం. రెండు బోర్లకు దుబ్బే లేచింది. మూడోది 180 అడుగుల దగ్గర రెండించుల నీళ్లు పడింది. ఆయన భార్య రిగ్గుకు కొబ్బరికాయ కొట్టింది. కేసింగ్ పైపు దింపాం. పైపు చుట్టూ రెండు వేళ్లు పట్టే సందు ఉంటుంది, దాన్ని బంకమట్టితోనో సిమెంటుతోనో గట్టిగా బిగించాలి. రాత్రి పదకొండైంది. పక్క ఊళ్లో ఇంకో రైతు కాచుకొని కూర్చున్నాడు. నాలుగు పారల మట్టి తోసి, "వాన పడితే అదే కూర్చుంటది" అన్నాను.

వాన పడింది. పది రోజుల్లో ఆ వాడలో పిల్లలకు వాంతులు, విరేచనాలు. రైతు తల్లిని వరంగల్ దవాఖానాకు తెచ్చారు. బోరు నీళ్లు మంచివేనని నేను వాదించాను. చివరికి ఒక బకెట్లో నీలిమందు కలిపి కేసింగ్ పక్కన పోశాను. గుటగుటమని తాగేసింది నేల. ఇంకో రెండు బకెట్లు పోశాను. సాయంత్రం మోటారు వేస్తే స్టీలు బిందెలో నీళ్లు లేత నీలంగా వచ్చాయి. బోరుకు ఐదు గజాల్లో పశువుల కొట్టం. ముసలమ్మ బతికింది. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు, బిందె నా ముందు పెట్టి లోపలికి పోయాడు.

మీ చుట్టుపక్కల ఇళ్లు బావి నీళ్లే తాగుతాయట కదా. మీ వాళ్లు పైపు చుట్టూ సందును బెంటొనైట్ మట్టి, ఇసుక కలిపిన ముద్దతో నింపుతారు. గొట్టం అడుగుదాకా దించి కింది నుంచి పైకి నింపాలి. పైనుంచి గుమ్మరిస్తే మధ్యలో గాలి నిలుస్తుంది. గాలి ఉన్నచోట నేల వేడి పైపుకు అందదు, పై మురుగు మాత్రం కిందికి దారి వెతుక్కుంటుంది. ఆ రోజు ఆఫీసు మీటింగ్ ఉందని అల్లుణ్ణి నిలబెట్టి పోయావంటే ఊరుకోను. నువ్వే ఉండు.

ఇంకొకటి. పని సగంలో ఆగిన రాత్రి బోరు నోరు తెరిచి ఉండకూడదు. 2010లో సుప్రీం కోర్టు చెప్పాక కూడా మన దగ్గర ఆ వార్తలు ఆగలేదు. టీవీలో వస్తే నేను లేచి బయటికి పోతాను. ఆరించుల బోరు ఎంతో తెలుసా? బుడ్డోడి భుజాలు ఒకసారి కొలిచి చూడు. వద్దులే, కొలవకు. మూత వేయించి, దాని మీద బరువు పెట్టించు. వాణ్ణి ఆ రెండు రోజులు అత్తగారింట్లో ఉంచు.

అక్కడ పొద్దున ఎనిమిదిన్నరకు రిగ్గు వస్తే ఇక్కడ రాత్రి ఏడు. తిని కూర్చుంటాను. ముద్ద నింపేటప్పుడు వీడియో కాల్ చెయ్యి. ఫోను నీ మొహం వైపు కాదు, ఆ గొట్టం వైపు పట్టు.

మీ పెద్దబాపు