బడిలో ఫిజియోథెరపీ లేదన్నారా? ముందు యూడైస్ చూడండి

మీ బాబు పేరు యూడైస్‌లో, అంటే బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో, మామూలు పిల్లాడిగానే ఎక్కి ఉంటుంది, చాలావరకు గొడవ అక్కడే. బాబుది మూడో తరగతి, సెరిబ్రల్ పాల్సీ (కండరాల కదలిక దెబ్బతినే సమస్య) ఉంది, టెక్కలి దగ్గర మీ ఊరి బడిలో "ఇక్కడ థెరపీ లేదు" అన్నారని రాశారు. వాళ్లన్నది అబద్ధం కాదు. థెరపీ ప్రతి బడిలో ఉండదు, సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే మండల భవిత కేంద్రంలో ఇస్తారు.

1. హెచ్ఎం గారిని యూడైస్ ప్లస్‌లో బాబు వివరాలు తెరిచి చూపించమనండి. ప్రత్యేక అవసరాల దగ్గర "కాదు" అని ఉంటే మార్పించండి. అందరూ వదిలేసేది ఇదే. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) చేతిలో ఉంది కదా అని ఊరుకుంటాం, కానీ ఆ కాగితం దానంతటది బడి రికార్డులోకి వెళ్లదు. మా అక్క కొడుక్కి ఇలాగే ఏడాది పోయింది, మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరిగింది మేమే.

2. ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఐఈఆర్‌పీ టీచర్, అంటే ప్రత్యేక అవసరాల పిల్లల్ని చూసే టీచర్, ఎవరో, ఫిజియోథెరపిస్టు ఏ రోజు వస్తారో కనుక్కోండి. రవాణా భత్యం, తోడు వెళ్లేవాళ్లకిచ్చే భత్యం గురించి కూడా అప్పుడే అడిగేయండి.

3. భవిత కేంద్రానికి మొదటి రోజు మీరే వెంట వెళ్లి, చేయించిన వ్యాయామాలు ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఎప్పుడో ఒకరోజు చేయిస్తే చాలదు, ఇంట్లో రోజూ చేయించాలి.